పెనుకొండ పైభాగం

శనివారం రాత్రి, ధర్మవరం

ఈ ఏటి ఉత్తమ యాత్రారచనల సంకలనం పొద్దున పోస్టులో వచ్చింది. నా పెనుకొండ వ్యాసం అందులో ఉంది. అచ్చులో పేరు చూసుకుని మురిసిపోవాల్సింది పోయి, పుస్తకాన్ని బీరువాలో దాచాను. ఎందుకంటే ఆ కొండ నేను సగమే ఎక్కాను. ఎండకు తట్టుకోలేక దిగివచ్చి, పైభాగమంతా చిన్నప్పటి నుంచి నాయన చెప్పిన మాటలతో నింపేశాను. పైనున్న నీటి గుండం, దాని పక్కన వీపుకు చల్లగా తగిలే బండ, అక్కణ్ణుంచి కనిపించే రైలు, అన్నీ ఆయనవే. ముందుమాటలో మెచ్చుకున్నది కూడా ఆ బండనే.

సాయంత్రం ఉండబట్టలేక మగ్గం పక్కన కూర్చుని నాయనకు చదివి వినిపించాను. నేస్తూనే విన్నాడు. బండ దగ్గరికి వచ్చేసరికి చేతిలో నాడె ఆగింది.

"చూసింది నువ్వు నాయనా, పేరు మాత్రం నాది పడింది" అన్నాను.

"నేను యాడ చూస్తినమ్మా?" అన్నాడు. "పెనుకొండకు నెలకు రెండుసార్లు పోతాంటి, నిజమే. భుజాన చీరల మూట పెట్టుకొని కొండ ఎక్కేకి అయితాదా? కింద దించిపోతే మూట ఉంటాదా? మా నాయన చెప్పినాడు, నేను నీకు చెప్తిని."

మళ్లీ నేతలో పడ్డాడు. నాకే నెమ్మది లేదు. తాత కూడా ఊరూరా చీరలమ్మినవాడే. ఆయన మాత్రం మూట ఎక్కడ దించి ఉంటాడు?

రేపు పొద్దున రైలుకు ఇద్దరం పెనుకొండ పోతున్నాం. నాయన మొదటిసారి ఖాళీ చేతులతో వస్తాడు. ఆ బండ అక్కడ ఉంటే బాగుండు.