నలభై ఒకటో కార్డు

మార్చి 12, గురువారం

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం నువ్వు రాయవు కనుక మీ ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఫోన్ చేసి తెలుసుకుంటున్నాను. బాగా చిక్కిపోయావట.

ఇక పని మాట. మన ఇంగ్లిష్ జాతీయాల నిఘంటువులో చివరి కట్ట పంపుతున్నాను. ఆపడం, ముగించడం, అడ్డుకోవడం గురించిన మాటలు, మాటకో కార్డు చొప్పున మొత్తం నలభై ఒక్క కార్డులు. ప్రెస్సాయన నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత మన పుస్తకం మూలన పడేస్తాడు.

రూలు నీకు తెలుసు, మీ అక్క పెట్టిందే. ఉదాహరణ మనింట్లో నిజంగా జరిగినదై ఉండాలి. రాసినవాళ్లు కాక రెండోవాళ్లు కార్డు మూలన సంతకం పెట్టాలి, లేకపోతే అది అచ్చుకి వెళ్లదు. మీ అక్క పోయాక ఆ రెండోవాడివి నువ్వే.

'కాల్ ఇట్ ఎ డే' అంటే ఇవాళ్టికి చాలించడం. కళ్లజోడు కనిపించక మా ఆవిడ నాలుగింటికే పని చాలించిందని రాశాను. అది ఆవిడ నెత్తిమీదే ఉంది. 'నిప్ ఇన్ ది బడ్' అంటే మొగ్గలోనే తుంచేయడం. నువ్వు వేణువు నేర్చుకుంటానన్నప్పుడు మీ అక్క చేసింది అదే, ఇరుగుపొరుగు బతికిపోయారు. 'స్టోన్‌వాల్' అంటే ఎంత అడిగినా ఉలుకూ పలుకూ లేకుండా అడ్డుగోడలా ఉండిపోవడం. దానికి ఉదాహరణ, మా బావమరిది పద్నాలుగు నెలలుగా ఒక్క ఉత్తరానికీ బదులివ్వలేదు. తప్పుంటే దిద్దు.

'పుల్ ది ప్లగ్' కార్డు మాత్రం విడిగా చిన్న కవరులో అంటించి పెట్టాను. దాని ఆసుపత్రి అర్థం నీకు చెప్పక్కర్లేదు. మీ అక్క ఆఖరి రోజున నువ్వు రైల్లో ఉన్నావు, ఇంకా ఆరు గంటల ప్రయాణం. డాక్టరమ్మ అడిగింది, నేను సరేనన్నాను, వెంటిలేటర్ ఆపేశారు. నువ్వొచ్చి భుజాన సంచీ దించకుండానే, ఆరు గంటలు ఆగలేకపోయావా బావా అని అడిగావు. మళ్లీ నువ్వు మా గడప తొక్కలేదు. ఆ రోజు నాలుగు తిట్టి ఉంటే నాకూ ఏడవడానికి సందు దొరికేది.

ఇప్పుడు నిన్ను ఒప్పించాలని రాయడం లేదు. పుస్తకం సగంలో ఆగితే మీ అక్క పన్నెండేళ్ల శ్రమ మట్టిపాలవుతుంది. ఆ చిన్న కవరు విప్పాలనిపించకపోతే వదిలెయ్. తక్కిన నలభైకీ సంతకాలు పెట్టి పంపు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. ఆ చిన్న కవరులోని నలభై ఒకటో కార్డు నేను రాసింది కాదు. ఆపరేషన్‌కి ముందురోజు మంచం మీద కూర్చుని మీ అక్క రాసింది. 'నేను మిషన్ మీద పడితే, తమ్ముడు చేరేలోపే దాన్ని ఆపించమని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. వాడుంటే ఆసుపత్రి కాగితాల మీద వాడి చేతా సంతకం పెట్టిస్తారు, జన్మంతా మోస్తాడు.' నీకు చెప్పొద్దని కూడా అంది. పద్నాలుగు నెలలు ఆ మాట దాటలేదు. నీ కోపం భరించగలను గానీ, ఒంటరిగా కార్డులు రాయడం ఇక నా వల్ల కావడం లేదు. రెండో సంతకం అప్పుడే నా చేత పెట్టించుకుంది. ఆ ఒక్క కార్డుకు మాత్రం నీ సంతకం అక్కర్లేదు.