నల్ల తెర మీద టైపు

నర్సీపట్నం,
14-9-2009, సోమవారం.

ప్రియమైన దయాకర్ బాబుకి,

ప్రభువు నామంలో మీ అత్తయ్య కరుణకుమారి శుభములు చెప్పి రాసేది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియజేయవలెను అని రాయడం పద్ధతి. కానీ ఇక్కడ క్షేమంగా ఏమీ లేదు. నీ క్షేమం తెలియాలంటే నువ్వు ఫోను ఎత్తాలి కదా. గాజువాకకి ఎన్నిసార్లు చేసినా స్విచ్ ఆఫ్ అనే చెబుతోంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళి కవరు కొనుక్కొచ్చాను. ఉత్తరాన్ని స్విచ్ ఆఫ్ చెయ్యడం నీ వల్ల కాదు.

సంగతేమిటంటే, నువ్వు మీ మావయ్యకి తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్ తెర నల్లబడిపోయింది. అందరిలా విండోస్ వేసి తెస్తే ఊళ్ళో ఎవరో ఒకరు బాగుచేసేవారు. నువ్వు లైనక్సో గియినక్సో వేసి తెచ్చావు. అదేమిటో ఇక్కడ ఎవరికీ సరిగ్గా తెలియదు. నీ మీద నాకు ఒళ్ళు మండిపోతోందని ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా మాట తూలితే ఏమీ అనుకోకు. అనుకున్నా నాకు ఫర్వాలేదు.

ఆ తెర పోతే ఏమైందిలే అనుకుంటావేమో. మీ మావయ్య గొంతు ఆపరేషన్ అయి స్వరపేటిక తీసేశాక ఆ తెరే ఆయన నోరు. చేతివణుకు అంతకు ముందు నుంచీ ఉన్నదే. పలక చేతికిస్తే గీతలే తప్ప అక్షరం రాదు. కీల మీద వేళ్ళు పెడితే మాత్రం ఆ వణుకు ఎటు పోతుందో పోతుంది. ఇన్నేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన చేతులు కదా. గది అవతల నుంచి కూడా నాకు కనబడేంత పెద్ద అక్షరాలు పెట్టి ఇచ్చావు. ఆయన కొట్టేవారు, నేను వంటింట్లోంచే చదువుకునేదాన్ని. మళ్ళీ మాటలొచ్చాయనే అనుకున్నాం. ఇప్పుడు ఆపరేషన్ అయిన కొత్తలో ఎలా ఉన్నామో మళ్ళీ అలాగే అయ్యాం. దగ్గు తెర వస్తే ఎక్కడ నొప్పి పుడుతోందో కూడా ఆయన చెప్పలేరు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నా మొగుడికి ఎక్కడ నొప్పో నాకు తెలియడం లేదు.

పోయిన మంగళవారం పొద్దున్న తెర మీద చిన్న డబ్బా ఒకటి లేచింది. కొత్తవి వచ్చాయి, వేసుకుంటారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన నా వైపు చూశారు. వచ్చినవి వేసుకోక ఏం చేస్తాం, సరే అనండి అన్నాను. మధ్యాహ్నం దాకా నెట్టులోంచి ఏవేవో లాక్కుని, ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమంది. పెట్టాం. కంపెనీ బొమ్మ కనబడింది, ఆ తర్వాత అంతా నలుపే. లోపల ఫ్యాను తిరుగుతోంది, పక్కన బుల్లి లైట్లు వెలుగుతున్నాయి. తెర మాత్రం తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది.

బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాడే హేమసుందర్, అతన్ని పిలిపించాను. అతను అటూ ఇటూ నొక్కి చూసి, మిషను బాగానే ఉందండీ, గ్రాఫిక్స్ డ్రైవర్ పోయిందండీ అన్నాడు. తెరకి బొమ్మ ఎలా వెయ్యాలో చెప్పేది అదేనట, కొత్తది సరిగ్గా కుదరలేదట. ఆ మాట పక్కింటి జోగులమ్మ చెవిన పడింది. సాయంత్రానికల్లా పరామర్శకి వచ్చి, ఏటమ్మా మీ డ్రైవరు పోనాడంట, పాపం ఏ ఊరోడు అని అడిగింది. మాకు కారే లేదు, డ్రైవరెక్కడి నుంచి వస్తాడు జోగులమ్మా, ఇది ల్యాప్‌టాప్ డ్రైవరు అన్నాను. దానికేటమ్మా, మా సింగన్న సింతపల్లి జీపు తోల్తన్నాడు కదా, నాను సెప్తే బేగి వత్తాడు, ఆడికి ఏ బండయినా ఒకటే అంది. నాకు నవ్వే ఓపిక లేదు. మీ మావయ్య మాత్రం భుజాలు కదిలేలా చప్పుడు లేకుండా నవ్వారు. నవ్వి, ఆ నల్ల తెర మీద టకటకా ఏదో కొట్టారు. ఏం కొట్టారో ఎవరికి తెలుసు.

మర్నాడు హేమసుందర్ నెట్టులో ఏదో చదువుకుని వచ్చాడు. మిషను లేచేటప్పుడు ఒక మాట చేర్చి పెడితే తెర వెలిగింది. స్తోత్రం అనుకున్నాను. చూస్తే అంతా సాగిపోయి ఉంది. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి, కుడివైపు కొంత తెర దాటి బయటికే పోయింది. సరే, ఏదో ఒకటి కనబడుతోంది కదా అని, భోజనం పెట్టమంటారా అని ఆయన్ని అడిగాను. ఆయన కొట్టారు. అన్నం తిన అని కనబడింది. తినాలి అంటున్నారు కాబోలని వేడిగా వడ్డించి తెచ్చాను. కంచం పక్కకి నెట్టేశారు. తింటానని మీరే కొట్టి ఇప్పుడు ఈ వేషాలేమిటని హేమసుందర్ ముందే అరిచాను. ఆయన వేలు పెట్టి తెర అంచుకి అవతల గాల్లో చూపించారు. అక్కడేముంది, గోడ. చివరికి హేమసుందర్ అక్షరాలు చిన్నవి చేస్తే తెలిసింది, ఆయన కొట్టింది అన్నం తినను అని. చివరి ను తెర బయట పడిపోయింది.

అది చూశాక మీ మావయ్య ముఖం అదోలా అయిపోయింది. తెరవైపే చూస్తూ ఉండిపోయారు. నేను అరిచినందుకు అలిగారనుకున్నాను. కాసేపటికి ఏదో కొట్టబోతూ చెయ్యి చాచారు. ఈలోగా హేమసుందర్, ఒక్క నిమిషం సార్, ఈ సగం సగం ఎందుకు, డ్రైవరే మళ్ళీ శుభ్రంగా వేసేస్తాను అని మిషను తనవైపు తిప్పుకున్నాడు. వేశాడు. మళ్ళీ నలుపు. ఈసారి ఆ చేర్చే మాట చేర్చినా వెలగలేదు. ఉన్నదీ పోయింది.

అప్పుడతను, ఈ గోలంతా ఎందుకండీ, మొత్తం చెరిపేసి విండోస్ వేసేస్తాను, సాయంత్రానికి అయిపోతుంది అన్నాడు. నేను సరే అనేదాన్నే. మీ మావయ్య బల్ల మీద ఫెడేలున చరిచి, ల్యాప్‌టాప్‌ని ఒళ్ళోకి లాక్కున్నారు. నీ పేరెత్తితే ముఖం తిప్పుకునే మనిషికి, నువ్వు వేసిన ఆ లైనక్సు మీద ఇంత ప్రేమేమిటో నాకు అర్థం కాలేదు. హేమసుందర్ చిన్నబుచ్చుకున్నాడు. ఇది వేసినాయన్నే పిలిపించుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ ఇంట్లో ఒకటే టకటక. ఏమీ కనబడని తెర ముందు కూర్చుని కొడుతూనే ఉంటారు. మూత వేస్తే తీస్తారు. నిన్న ఆరాధన అయ్యాక పాస్టరు సత్యప్రకాష్ గారు వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే కూడా ఆగలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్తూ గుమ్మంలో పాస్టరు గారు నెమ్మదిగా, అయ్యగారికి మనసు ఎలా ఉంటోందమ్మా అని అడిగారు. అలా శూన్యంలోకి చూస్తూ వేళ్ళు ఆడించే రోగుల్ని వార్డులో ఎంతమందిని చూశానో. నాకు భయం వేస్తోంది దయా. ఇదిగో, ఈ ఉత్తరం రాస్తుంటే ఇప్పుడు కూడా నా పక్కన కూర్చుని కొడుతున్నారు. ఆపండి బాబూ అంటే నా వైపు చూసి, ఇంకా గట్టిగా కొడుతున్నారు.

ఈస్టరు వారంలో జరిగింది నేను మరిచిపోలేదు. ఆయన ఆసుపత్రిలో ఉండగా, మంచానికి చోటు కావాలని నువ్వు ముందుగదిలో టైపు మిషన్లన్నీ యలమంచిలి పాతసామాన్ల వాడికి ఇచ్చేశావు. నాకూ చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు. ఇంటికొచ్చి ఖాళీ గది చూసి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నువ్వు ఈ ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టి, నానేదో మంచికే సేసేను మావయ్యా, ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను, ఇందులోనే కొట్టి సెప్పు అన్నావు. తెలుగు అక్షరాలు పాత మిషను మీద ఉన్నచోట ఇందులో లేవు. ఆయన తల వంచుకుని ఒక్కొక్కటీ వెతుక్కుని కొట్టారు. వె. ళ్ళి. పో. అంత పెద్ద అక్షరాల్లో ఆయన నీతో అన్న మొదటి మాట అదే. చదివీ చదవగానే నువ్వు చెప్పులేసుకున్నావు. నేను దయా, దయా అంటూ గేటు దాకా పరిగెత్తాను. నువ్వు బండి ఆపలేదు. నేను తిరిగొచ్చేసరికి ఆయన మూత వేసేసి మళ్ళీ గోడవైపు తిరిగి ఉన్నారు. ఆ రోజు సంగతి ఎత్తితే ఇవాళ్టికీ మూత వేసేస్తారు.

నువ్వు బాధపడ్డావు, కాదనను. కానీ నోరు పోగొట్టుకున్న మనిషి కోపంలో ఒక మాటంటే, ఇంతకాలం పట్టుకుని కూర్చుంటావా. మీ అమ్మ పోయాక నిన్ను భుజాన వేసుకుని ఆ ముందుగదిలోనే టైపు నేర్పిన మావయ్య కాదా. పౌరుషంలో మీ ఇద్దరూ ఇద్దరే, మధ్యలో నలిగేది నేను. నీకు రావాలని లేకపోతే మానెయ్యి. కనీసం హేమసుందర్‌కి ఫోను చేసి ఆ పాడు డ్రైవర్ని ఎలా దారికి తేవాలో చెప్పు. ఆయన మాట ఆయనకి ఇప్పించు. అంతకు మించి నిన్ను ఏమీ అడగను.

నీ మీద కోపంతో, నీ పేరు మానకుండా ప్రార్థనలో తలుచుకునే

మీ అత్తయ్య
కరుణకుమారి

తా.క. కవరు అంటించబోతుంటే కరెంటు పోయింది. అగ్గిపెట్టె కోసం టార్చి వేశాను. ఆ వెలుగు ఏటవాలుగా ల్యాప్‌టాప్ మీద పడితే, నల్ల తెర లోపల అక్షరాలు కనబడ్డాయి. మసగ్గా, నీళ్ళ అడుగున ఉన్నట్టు. దగ్గరగా పెట్టి చూస్తే పేజీలకి పేజీలు. డ్రైవర్ ఎప్పుడో కుదురుకుందట, తెర వెనకాల దీపం ఒక్కటే వెలగడం లేదట. హేమసుందర్‌కి ఫోను చేస్తే చెప్పాడు. రేపు వచ్చి సరిచేస్తానన్నాడు. కాబట్టి ల్యాప్‌టాప్ కోసం నువ్వు రానక్కర్లేదు.

మీ మావయ్య ఇన్నాళ్ళూ మాట్లాడుతూనే ఉన్నారు దయా. మేమే వినలేదు. సింగన్నని పిలువు, జీపులో గాజువాక పోదాం అని ఉంది. పాస్టరు గారి ప్రార్థన పొడుగైంది, టీ పెట్టు అని ఉంది. నాకు మతి పోలేదు కరుణా, ఏడవకు అని ఉంది. ఉత్తరం బరువు చూస్తే అన్నీ తిట్లేలా ఉన్నాయి, తగ్గించు అని ఇందాకే కొట్టారు. వాటి మధ్యన మళ్ళీ మళ్ళీ ఒకటే ఉంది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

ఆ రోజు నేను పూర్తిగా కొట్టాను. ఆఖరి అక్షరం ఎక్కడుందో దొరకలేదు. దొరికి కొట్టి తల ఎత్తేసరికి వాడు లేడు. మొత్తం చదివి కూడా పోయాడనుకున్నాను. అన్నం తిన దగ్గర నాకు తెలిసింది. వాడూ సగమే చదివాడు. వాడికి చెప్పు కరుణా.

ఆఖరి అక్షరం ఏమిటండీ అని నేను అడగలేదు. టార్చి ఈ కాగితం మీదికి తిప్పాను. ఆయనే నా కలం లాక్కున్నారు. ఈ కాగితం అడుగున, వంకరటింకరగా, సగం పేజీ ఆక్రమించి ఉన్నది సంతకం అనుకునేవు. అది మీ మావయ్య స్వహస్తాలతో నీకు రాసిన అక్షరం. ఈస్టరు నాటి మాట పక్కన దీన్ని పెట్టి చదువుకో.

కు