చక్రాలు కిందికి దించు

చిట్టీ, చెప్పులు విప్పగానే ఇలా వచ్చి నానమ్మ రాసిన ఈ ముక్క చదువు. తాతయ్యను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. బల్ల మీద తాతయ్య చేస్తున్న బొమ్మ యుద్ధవిమానం రెక్కలకు రంగు ఆరలేదు, ఫ్యాను వేయకు, దుమ్ము అంటుకుంటుంది.

పొద్దున సాయం చేస్తానని చక్రాలు లోపలికి మడిచి మూతలు అతికించేశావు. "ఎగురుతున్నట్టే ఉంది తాతయ్యా!" అన్నావు. ఆయన ఊఁ అన్నారు గానీ ఆ తర్వాత ముద్ద ముట్టలేదు.

మీ పెదనాన్న ఆఖరిసారి ఎక్కింది అలాంటి విమానమే తల్లీ. పైకి లేచింది, మళ్లీ దిగలేదు. చూపు పూర్తిగా పోకముందే దాన్ని నేల మీద నిలబెట్టి చూసుకోవాలని ఈయన ఆరాటం. నోరు విప్పి చెప్తే కదా! జిగురు పూర్తిగా గట్టిపడకముందే బ్లేడుతో మూతలు మెల్లగా ఊడదీసి చక్రాలు కిందికి దించు.

అన్నట్టు, రేపు నువ్వు పెద్దయ్యాక నీ పిల్లలు ఆ బొమ్మ చూసి అడిగితే, మా పెదనాన్న ఇంటికొచ్చేశాడనే చెప్పు. మరిచిపోకు.