టీవీలో చూసిన మూడో రోజు

నస్పూర్ నుంచి,
సోమవారం.

అవ్వా, నీ చిన్నబిడ్డ నీ కాళ్లు మొక్కి రాస్తున్న ఉత్తరం ఇది. మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. అక్కడ మీరందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? వాముతో కాపడం పెడుతున్నామని వదిన కార్డులో రాసింది. నొప్పి తగ్గినా కాపడం మానకు. నా గురించి ఫికరు పెట్టుకోకు, నేను బాగున్నాను. విశేషం ఏమైనా ఉందా అని మన వాడకట్టు ఆడవాళ్లు నిన్ను అడుగుతూ ఉంటారని తెలుసు. ఏమీ లేదు. ఉంటే నీకు చెప్పక ఎవరికి చెబుతాను?

పిల్లలను తీసుకుని నెల రోజులు పుట్టింటికి పోతున్నానని వదిన అదే కార్డులో రాసింది. అంటే ఈ ఉత్తరం అన్నే చదివి నీకు వినిపించాలి. అందుకే ఇన్ని నెలలు ఆగి ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నాను. అన్నా, చదువుతున్నది నువ్వే కదా, మధ్యలో ఒక్క ముక్క కూడా మింగేయకు. అవ్వకు చదువు రాకపోయినా నీ మొహం చదవడం వచ్చు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పొద్దున ఆరేసిన తెల్ల బట్ట మధ్యాహ్నానికి బొగ్గు దుమ్ముతో బూడిద రంగుకు తిరుగుతుంది. మీ అల్లుడికి ఇప్పుడు మొదటి షిఫ్టు. బొగ్గు బాయి నుంచి వచ్చాక ఎంత తోమి స్నానం చేసినా చెవుల వెనక మసి మిగిలే ఉంటుంది. మొదట్లో నవ్వేదాన్ని, ఇప్పుడు తడిబట్టతో నేనే తుడుస్తున్నాను. అన్నం బాగానే తింటున్నాడు. ఇక్కడి మామిడికాయలు ఉత్త పులుపు, తొక్కుకు పనికిరావు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే నీ చేతి తొక్కు ఒక చిన్న సీసాడు పంపు.

ఇక్కడ అన్నిటికన్నా నాకు కష్టమైంది సాంచల చప్పుడు లేకపోవడం. పుట్టినప్పటి నుంచి మగ్గాల టకటకల మధ్యే పెరిగాను కదా, ఇక్కడ చెవుల్లో ఏదో తీసేసినట్టు ఉంటుంది. మనింట్లో ఆ చప్పుడు మీద అరిచి మాట్లాడడమే అలవాటు. ఇక్కడికొచ్చిన మొదటి వారం నేను ఉప్పు ఎక్కడుందని అడిగితే పక్కింటి కరుణమ్మ మేము కొట్లాడుకుంటున్నామని పరుగెత్తుకొచ్చింది. అప్పటి నుంచి నన్ను చెల్లె అంటుంది, నేను అక్కా అంటాను. వాళ్లాయనా బాయిలోనే పని. వాళ్లు ఏసు దేవుణ్ని కొలుస్తారు. మా క్వార్టర్ల లైనులో టీవీ ఉన్నది వాళ్లింట్లోనే.

నిన్న ఆదివారం వాళ్లకు ఈస్టర్ పండుగ. ఏసు కథను టీవీలో సినిమా పాటల లెక్క పాడి చూపిస్తారు రమ్మని కరుణమ్మ పిలిచింది. వాకిట్లో చాపలు పరిచింది. ఆడవాళ్లం పదిహేను మందిమి కూర్చున్నాం.

అవ్వా, నాకు ఆ కథ సగం తెలుసు, సగం తెలియదు. తెలిసిన సగం కూడా నిన్నటితో తలకిందులైంది. పాడేవాళ్లంతా పడుచు పిల్లలు. గిటార్లు, డ్రమ్ములు, మెరిసే చొక్కాలు. శిక్ష వేసిన పెద్దమనిషి పళ్లెంలో చేతులు కడుక్కుంటూ పాడాడు. ఆ బాణీకి చాప మీద ఉన్న ఆడవాళ్ల కాళ్లు ఆడాయి, నా కాళ్లూ ఆడాయి. తరువాత ఆ దేవుణ్ని మేకులతో కొయ్యకు కొడుతున్నారని తెలిసి కాళ్లు ముడుచుకున్నాను. అప్పటిదాకా అంత హుషారు పాట ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. ఆయన పానం పోయేటప్పుడు మాత్రం తల్లి జోలపాట పాడింది. కొడుకు చచ్చిపోతుంటే జోల పాడడమేమిటని ఒకామె అడిగింది. అడుగుతూనే కొంగు కళ్లకు పెట్టుకుంది. ఆయనతో తిరిగిన దోస్తులందరూ భయపడి పారిపోయారు. ఒకాయన అయితే వాడెవడో నాకు తెలియదని మూడుసార్లు చెప్పాడు.

తరువాత మూడో రోజు వచ్చింది. పొద్దు పొడవకముందే ఆడవాళ్లు చేతుల్లో గిన్నెలు పట్టుకుని ఆయనను పెట్టిన గుహ దగ్గరికి నడుస్తున్నారు. వెనక పెళ్లి బ్యాండు లాంటి వాయింపు. నేను కరుణమ్మతో మెల్లగా, మీలో కూడా మూడో రోజు పిట్టకు పెడతారా అక్కా, అని అడిగాను. గిన్నెలు చూసి అట్లాగే అనుకున్నాను. ఏ కూర వండి ఉంటారు, ఆయనకు ఏది ఇష్టమో అని కూడా అనుకున్నాను. వాళ్లు గుహ దగ్గరికి చేరారు. అడ్డం పెట్టిన రాయి పక్కకు దొర్లి ఉంది. లోపల ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చాపల మీది ఆడవాళ్లు కాసేపు చూసి, పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చామని ఒక్కొక్కరే లేచి పోయారు. నేను లేవలేదు. ఎందుకు లేవలేదో ఇప్పుడు చెబుతాను. నీకు ఇన్నాళ్లు చెప్పనిది కూడా ఇప్పుడే చెబుతాను.

అవ్వా, బాపు పోయిన మూడో రోజున, పిట్టకు పెట్టేటప్పుడు, నేను మానేరు వాగు ఒడ్డు దాకా వచ్చి, ఇంటికి రాకుండా, నీ మొహమైనా చూడకుండా తిరిగిపోయానని నీకు నా మీద కోపం ఉంది. పొగరుతో పోయానని అనుకున్నావేమో. తంతి నాకు ఆలస్యంగా అందింది. పెద్దపల్లిలో ఒక బస్సు, కరీంనగర్‌లో ఒక బస్సు మారి, ఊళ్లో దిగగానే ఇంటికి కూడా పోకుండా నేరుగా వాగు దగ్గరికి ఉరికాను. అప్పటికే మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు పెట్టారు. పక్కన బీడీకట్ట, గ్లాసులో కల్లు. అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి తుమ్మచెట్టు మీద కూర్చుని కిందికి చూస్తుంది, దిగదు. చాలాసేపు దిగలేదు. బాపుకు ఏదో కోరిక మిగిలిందని పెద్దమనుషులు గొణుక్కున్నారు. అన్న నా వైపు తిరిగాడు. పేరు పెట్టి కూడా పిలవలేదు.

"నువ్వీడ ఉన్నంత సేపు గా పిట్ట ముట్టదు," అన్నాడు.

అన్నా, ఇక్కడ ఆగకు, చదువు. ఇది నిన్ను తిట్టడానికి రాయలేదు. అప్పటికి మూడు రోజులుగా నీ కడుపులో మెతుకు లేదని నాకు తెలుసు. నువ్వు అన్నది అబద్ధమని కూడా నేను అనలేను. మీ అల్లుడు సాంచ పని మాని బాయి పనికి ఒప్పుకుని, మేమిద్దరం ఊరు విడిచిన రోజు బాపు సాంచ దగ్గర నుంచి లేవలేదు. "సాంచ ఇడిసి బొగ్గుల పడ్తరా, పోండ్రి," అని దారం ముడేసుకుంటూ అన్నాడు, తల ఎత్తలేదు. ఆయన నాతో అన్న చివరి మాట అదే. ఆ తరువాత ఏడాదిన్నర నేను రాలేదు. పిలిస్తే వద్దామనుకున్నాను. వస్తే పలకరిద్దామని ఆయన అనుకున్నాడేమో.

అందుకే వెళ్లిపోయాను అవ్వా. నేను ఉంటే బాపు అన్నం ముట్టడంటే ఎట్లా ఉంటాను? వెనక్కి తిరిగి చూస్తే కాకి దిగదేమోనని చూడకుండా నడిచాను. ఇంటికి వస్తే, కాకి ఇంటి చూరు మీదికి వచ్చినా నన్ను చూసి పోతుందేమోనని బస్సెక్కాను. ఇప్పుడు రాస్తుంటే పిచ్చిదానిలా కనిపిస్తున్నాను. ఆ రోజు అదే నిజమనిపించింది.

కరెంటు పోయిన తరువాత నేను కరుణమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఇదంతా చెప్పాను. ఆ గిన్నెల్లో ఉన్నది తిండి కాదట, శరీరానికి పూసే సుగంధాలట. వాళ్లలో పిట్టకు పెట్టడం లేదట. అట్లా చెప్పి, వాళ్ల మామ పోయినప్పుడు మాత్రం మనసు ఆగక మూడో రోజు ఆయనకిష్టమైన చేపల పులుసు గోడ మీద పెట్టానని చెప్పింది. "పాస్టరుకు చెప్పకు చెల్లె. కాకి అచ్చింది, పిల్లి అచ్చింది, పక్కింటోళ్ల కోడి అచ్చింది. మా మామ ఎవల రూపంల అచ్చిండో నాకేం ఎరుక," అంది. నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది.

అంతలో కరెంటు వచ్చింది. కథ ఇంకా అయిపోలేదు. గిన్నెలతో వచ్చిన మిగతావాళ్లందరూ వెళ్లిపోయారు, ఒక్కతే ఆ ఖాళీ గుహ ముందు కూర్చుని ఏడుస్తుంది. ఆమె వెనక ఆయనే నిలబడి ఉన్నాడు. ఆమె ఆయనను గుర్తుపట్టలేదు, తోటమాలి అనుకుంది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు. అంతవరకు మోగిన గిటారు, డ్రమ్ము అన్నీ అక్కడ ఆగిపోయాయి. ఒక్క పేరే వినపడింది. ఆమె గిర్రున తిరిగి చూసింది. అప్పుడు మళ్లీ పెళ్లి బ్యాండు మోగింది. ఈసారి ఆ బ్యాండు ఎందుకో కొంచెం అర్థమైంది. కొంచెమే.

పారిపోయిన దోస్తుల మీద ఆయనకు కోపం రాలేదా అని కరుణమ్మను అడిగాను. రాలేదంది. తరువాత ఒకరోజు వాళ్లు చేపల వేటకు పోయి ఆకలితో ఒడ్డుకు వస్తే, ఆయనే నిప్పులు రాజేసి చేపలు కాల్చి పెట్టి, రండి తినండి అన్నాడట. తెలియదని మూడుసార్లు చెప్పినాయనకు కూడా పెట్టాడట.

నాకు నిన్నటి నుంచి అదే మనసులో తిరుగుతుంది. పోయినవాళ్లకు మనం వండి పెట్టడం నాకు తెలుసు. పోయినాయన వచ్చి ఉన్నవాళ్లకు వండి పెట్టడం ఏమిటి? అందులోనూ తనను విడిచి పోయినవాళ్లకు? మీ అల్లుణ్ని అడిగితే, వాళ్ల దేవుడు వాళ్ల ఇష్టం, నువ్వు పరేషాన్ కాకు అన్నాడు. నేను దేవుణ్ని మార్చుకోలేదు అవ్వా, భయపడకు. ఇవాళ కూడా మన పోచమ్మకే దీపం పెట్టాను. కానీ దీపం పెడుతుంటే, నేను చిన్నప్పుడు అలిగి అన్నం తినకపోతే బాపు సాంచ ఆపి మరీ వచ్చి ముద్ద కలిపి పెట్టింది గుర్తొచ్చింది. ఎంత తిట్టినా ఆయన నన్ను ఆకలితో పడుకోనిచ్చేవాడు కాదు. అట్లాంటి మనిషి నన్ను చూసి తన అన్నం ముట్టకుండా ఉంటాడా? ఉంటాడేమో. నాకు తెలియడం లేదు.

నేను పోయాక పిట్ట ముట్టిందా? అన్నా, అది నీకే తెలుసు. ముట్టిందంటే బాపుకు నిజంగానే నా మీద కోపముందని ఒక ఏడుపు. ముట్టలేదంటే నేను పోయి కూడా ఆయన ఆకలితోనే పోయాడని ఇంకో ఏడుపు. రెండిట్లో ఏది వినాలని ఉందో నాకే తెలియదు. అడగొద్దనుకునే కూర్చున్నాను, అడిగాను. నీకు చెప్పబుద్ధి కాకపోతే చెప్పకు.

వచ్చే నెల బాపు ఏడాది. నేను వస్తున్నాను. ముందురోజే బస్సు దిగుతాను. మీ అల్లుడు సెలవు దొరికితే వస్తాడు, దొరకకపోతే నేనొక్కదాన్నే వస్తాను. ఈసారి విస్తరిలో ముద్ద నేను కలుపుతాను, కాకి దిగినా దిగకపోయినా అక్కడే నిలబడతాను. ఎవరు పొమ్మన్నా పోను. ఎంతకూ దిగకపోతే నువ్వూ నేనూ ఆ ఒడ్డునే కూర్చుని తిందాం అన్నా. మనం తింటే బాపుకు కోపం రాదని నాకనిపిస్తుంది.

అవ్వా, మందులు మానకు. వదిన వచ్చాక పిల్లలను ముద్దుపెట్టుకున్నానని చెప్పు. పక్కింటి పెద్దవ్వకు, తాతకు నా దండాలు చెప్పు. నన్ను దీవించు. నాకు ఇక్కడ ఏ లోటూ లేదు, నిజంగానే బాగున్నాను.

ఉత్తరం పైన నా పేరు రాయలేదు. మరచిపోయి కాదు. ఏడాదిగా మనింట్లో ఆ పేరు ఎవరూ పలకడం లేదని వదిన రాసింది. కింద రాస్తున్నాను. అన్నా, దాన్ని లోపల్లోపల చదువుకోకు. సాంచలు నడుస్తున్నా అవ్వకు వినపడేటట్టు, నన్ను పిలిచినట్టే చదువు.

లచ్చి