సమ్మన్న చూపిన చోటు

24 మార్చి 1984, శనివారం

భూగర్భ జలాల ఆఫీసరు ఈరోజు నెక్కొండ దగ్గరి మా పొలానికి వచ్చాడు. రేపు బోరు వేయించే చోటు చూసి తల అడ్డంగా ఊపాడు. కొత్త సర్వేలో తేలిందట: ఇక్కడ నీళ్లు రాతి పగుళ్ల వెంటే నడుస్తాయి, నేను లోతుగా తోడితే కింది పొలంలోని బావి ఎండుతుంది. ఆ బావి సమ్మన్నది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, నీటి జాడ వెతికి, నాకు ఈ చోటు చూపించిందీ సమ్మన్నే.

సాయంత్రం అతనే ఎదురుపడ్డాడు.

"తమ్మీ, కాయ నిలబడ్డది. నీళ్లు పడకపోతే మీసం తీసేస్త!"

"పడ్తయి అన్నా. నీ మీసానికి ఫికర్ లేదు" అన్నాను.

నా వరి పొట్ట మీద ఉంది. తడి అందకపోతే గింజ పట్టక తాలే మిగులుతుంది. బోరు లారీ పొద్దున్నే వస్తుంది. ఆఫీసరు మాట నేను సమ్మన్నకు చెప్పలేదు.