పగులుతో సహా కొలత

నా గడుగ్గాయి మనవరాలికి,

పోయిన ఉత్తరంలో "మావయ్య మళ్ళీ తాగి నా కారు గోడకు గుద్దాడు" అని రాశావు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. వాడు తాగలేదు, గుద్దలేదు. గుద్దింది నేను. నలభై ఏళ్ళు ఊళ్ళో పిల్లల లెక్కలు దిద్దినదాన్ని, నా తప్పు దిద్దుకోవడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. ఫోనులో చెబితే నువ్వు మధ్యలో "అయ్యో అమ్మమ్మా" అంటావు, ఆ జాలి పట్టుకుని నేను మాట మార్చేస్తాను. అందుకే కాగితం.

నువ్వు ట్రైనింగుకు వెళ్తూ, బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి ఇంజను ఆన్ చేయమని మావయ్యకు చెప్పి వెళ్ళావు. ఆ ఆదివారం వాడు ఎవరిదో ఫ్రిజ్ బాగుచేయడానికి పోయాడు. తాళం మేకుకు వేలాడుతోంది. ఇంతోటి పనికి వాడు రావాలా అనుకున్నాను. నీ జపాను కారు సీటు నేలకు జానెడు ఎత్తు. కూర్చోవడం మన చేతిలో పని, లేవడం దేవుడి దయ. గేరులో ఉందో లేదో చూడకుండా తాళం తిప్పాను. కప్పలా గెంతి షెడ్డు గోడకు కొట్టుకుంది. ముందు బంపరు ఎడమ మూల నోరు తెరిచింది. నేను నా నోరు మూసుకున్నాను.

సాయంత్రం మీ అమ్మ చూసింది. ఎవరినీ అడగలేదు. "కుక్క తోక వంకర" అంటూ వాడి కంచం తీసి పక్కన పెట్టింది. రెండేళ్ళుగా చుక్క ముట్టనివాడు. నా వైపు ఒకసారి చూసి, నాలుగు చొక్కాలు సంచిలో కుక్కుకుని తన రిపేరు షాపు వెనక గదికి వెళ్ళిపోయాడు. నేనప్పుడు మంచినీళ్ళు తాగుతున్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దించలేదు. నిజం చెబితే మీ అమ్మ ఇక నన్ను ఒంటరిగా గుమ్మం దాటనివ్వదని భయం. ఇదీ నా సంజాయిషీ. మార్కులు వేయకు.

నోరు విప్పే బదులు బంపరు వెతకడం మొదలుపెట్టాను. మీ అమ్మ ఆఫీసుకు వెళ్ళగానే పాత స్పేర్‌పార్టుల షాపులకు ఫోన్లు.

"ఏ సంవత్సరం బండి అమ్మా?"

"నా పెళ్ళి సంవత్సరమైతే చెప్పగలను."

"జపాను నుంచి దిగిన బళ్ళు, ఒకే పేరుకు మూడు రకాల మూతులుంటాయి. కొలత పంపండి."

పాత పేపర్లు అతికించి, విరిగిన బంపరు మీద పరిచి, పెన్సిలుతో గీసి పంపాను. అయిదో వారంలో బంపరు వచ్చింది. రెండు వేళ్ళు వెడల్పెక్కువ. పగిలినదాన్ని కొలిస్తే పగులు కూడా కొలతలో కలుస్తుందని లెక్కల టీచరుకు తోచలేదు. బిగించడానికి వచ్చిన మెకానిక్కు తల గోక్కుని వెళ్ళిపోయాడు. అతను మావయ్య స్నేహితుడని తర్వాత తెలిసింది.

రెండు రోజులకు నా కళ్ళజోడు పెట్టెలో ఒక చీటీ. మావయ్య రాత. నేను మధ్యాహ్నం కునుకు తీస్తుంటే వచ్చి పెట్టి పోయినట్టున్నాడు. బండి ఏ రకమో తేల్చే ఛాసిస్ నంబరు, దాని కింద: "పగిలినచోట కొలవకు. బోల్టులు బిగించే రంధ్రాల మధ్య కొలువు."

నిన్న వాడి షాపుకు వెళ్ళాను.

"ఎప్పటినుంచి తెలుసురా?"

"మొదటి రోజు నుంచీ. నీ చెప్పు బ్రేకు కింద ఇరుక్కుని ఉంది. అక్క చూస్తుందని తీసి దాచా. ఈ బల్ల సొరుగులోనే ఉంది."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నా మాట ఎవరు నమ్ముతారమ్మా? నువ్వే చెబుతావులే అనుకున్నా."

ఇంటిల్లిపాదీ తాగుబోతన్న నా కొడుకు నా చెప్పు దాచి నా పరువు కాశాడు. నేను వాడి పరువు మీద కూర్చుని పేపర్లు అతికించాను.

ఈ పొద్దున మీ అమ్మకు అంతా చెప్పేశాను. వాడి కంచం కడిగి బల్ల మీద పెట్టింది. వెళ్ళి పిలవడానికి మాత్రం కాళ్ళు రావడం లేదట. నా పోలికే.

ఆ నంబరు ప్రకారం సరైన బంపరు శుక్రవారం వస్తుంది. నువ్వు శనివారం బస్సు దిగి నేరుగా ఇంటికి రాకు. ముందు మావయ్య షాపుకు వెళ్ళి, నువ్వు రాసిన ఆ వాక్యానికి క్షమాపణ చెప్పు. బంపరు నువ్వే బిగించాలి మావయ్యా అని అడుగు. ఇంటికి వెంటబెట్టుకుని రా. వచ్చేటప్పుడు వాడి బల్ల కింది సొరుగులో నా చెప్పు ఉంటుంది, మరిచిపోకుండా తే. కుడికాలిది. మడమ దగ్గర నల్లదారంతో నేను వేసుకున్న కుట్టు ఉంటుంది, చూసుకో.

నీ అమ్మమ్మ