పిట్టల జాలీ

ఖమ్మం, 11-8-2006

అమ్మకు రాంబాబు దండాలు. నేను పనిచేసే దవాఖానా తగలబడిందని ఎవరో చెబితే రెండు రోజులు అన్నం మానేశావట. ఏమీ తగలబడలేదు, నేను బాగానే ఉన్నాను.

ఈ వానలకు దుప్పట్లు ఆరడం లేదని ఇక్కడ బట్టలారబెట్టే మిషన్ తెచ్చారు. దాని వేడిగాలి బయటికి పోయే రేకు గొట్టం బిగించింది నేనే. పిచ్చుకలు గూడు పెట్టకుండా గొట్టం చివర సన్న జాలీ కొట్టి, తెలివైన పని చేశాననుకున్నాను. పది రోజులకల్లా దుప్పట్లు ఆరకపోగా మాడు వాసన మొదలైంది. మిషన్ కంపెనీ మనిషి కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాడు. బట్టలుతికే కళావతక్క గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది.

"పిట్ట రాకుంట పెట్టినవ్, గాలి పోకుంట అయింది. తీసెయ్ తమ్మీ" అంది.

విప్పితే జాలీ నిండా దుప్పట్ల నూగు, పరుపులా పేరుకుని ఉంది. ఆమెకు సంతకం కూడా రాదు. ఆమె చెప్పినట్టే జాలీ తీసేసి, ఇప్పుడు గాలికి లేచి, మిషన్ ఆగితే వాలే రేకు మూత పెట్టాను.

గేదె ఈనిందా? నా గొడుగు తమ్ముడితో పంపు. ఉడతలు దూరుతున్నాయని పోయినేడు మన వంటింటి పొగగొట్టానికి జాలీ కొట్టింది కూడా నేనే. నీ దగ్గు అప్పటి నుంచే. కార్డు అందగానే తమ్ముణ్ని పైకెక్కించి దాన్ని పీకించు.

దీవెన ముందు కళావతక్కకు పెట్టు, నాకు తర్వాత.

నీ కొడుకు
రాంబాబు